ఒకే పాట, రెండు రికార్డులు

కవి వ్రాసిన పద్యం తాటాకు మీదనో, కాగితం మీదనో నిలిచి ఉంటుంది. శిల్పి చెక్కిన విగ్రహం అతని తరువాత కూడా నిలుస్తుంది. రంగస్థలం మీద పాడిన పాటకు మాత్రం అట్టి భాగ్యం చాలాకాలం లేకపోయినది. నోటినుండి వెలువడిన శబ్దం గాలిలో కంపనాలుగా వ్యాపించి, మరుక్షణమే అణగిపోతుంది. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును, 1887లో బెర్లినర్ పళ్లెంవంటి రికార్డుతో పనిచేసే గ్రామఫోనును కనిపెట్టిన తరువాతనే గాయకుని కంఠం అతని జీవితకాలాన్ని దాటి నిలవడం సాధ్యమయినది. అయితే అట్లా నిలిచినది గాయకుని కంఠమేనా, లేక అందులో యంత్రం పట్టుకోగలిగిన భాగం మాత్రమేనా? ఈ ప్రశ్న వేసుకోకుండా పాత రికార్డును, కొత్త రికార్డును ప్రక్కప్రక్కన పెట్టి తీర్పు చెప్పడం సరికాదు. తెలుగు నాటకరంగానికి చెందిన ఒక ప్రసిద్ధమైన పాట ఈ విషయాన్ని చక్కగా బోధపరుస్తుంది.

ముత్తరాజు సుబ్బారావు రచించిన ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో సత్యభామ పాత్ర స్థానం నరసింహారావు గారికి అపారమైన కీర్తి తెచ్చినది. ఆయన 1902లో బాపట్లలో జన్మించారు. తెనాలి రామవిలాస సభ నాటకాలలో స్త్రీపాత్రలు ధరించి పేరుపొందారు. 1956లో ‘పద్మశ్రీ’ బిరుదు అందుకొని, 1971లో పరమపదించారు. ఆ నాటకంలోని ‘మీరజాలగలడా’ అనే పాటను ఆయనే స్వయంగా రచించుకొన్నారు. భర్త తన మాట కాదనలేడన్న సత్యభామ ధీమా అంతా ఆ పాటలో ఉన్నది. ఆయన పాడగా అది గ్రామఫోను రికార్డుగా వెలువడినది. 1966లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన ‘శ్రీకృష్ణ తులాభారం’ చలనచిత్రంలో అదే పాటను, పెండ్యాల నాగేశ్వరరావు సంగీత దర్శకత్వంలో, పి. సుశీల పాడారు, తెరమీద సత్యభామగా జమున నటించారు.

ఒకే పాటకు రెండు రికార్డులు. మొదటిది స్త్రీవేషం ధరించిన పురుషుడు పాడినది. రెండవది స్త్రీ పాడినది. రెంటినీ విన్న విద్యార్థికి సహజంగా ఒక సందేహం కలుగుతుంది. స్థానం వారు ఆడగొంతును అనుకరించి పాడారా? లేక తమ సహజమైన గొంతుతోనే పాడి, ఒయ్యారాన్నంతా అభినయం ద్వారా సాధించారా? ఒక మహానటుని కళను గురించిన తీర్పు ఈ ప్రశ్నమీద ఆధారపడి ఉన్నది. ఆ తీర్పేమో, ఆశ్చర్యం కలిగించే విధంగా, ఒక చక్రం నిమిషానికి ఎన్నిసార్లు తిరిగిందన్న దానిమీద ఆధారపడి ఉన్నది.

ఆ కాలపు రికార్డులను ‘78 చుట్ల రికార్డులు’ అనడం వాడుక. కాని మొదటి దశలో అన్ని రికార్డులూ సరిగా 78 చుట్ల వేగంతో తయారుకాలేదు. నిమిషానికి 70 మొదలుకొని 80కి పైబడిన చుట్లవరకు వేర్వేరు వేగాలతో ధ్వనిని ముద్రించారు. 72 చుట్ల వేగంతో ముద్రించిన రికార్డును 78 చుట్ల వేగంతో త్రిప్పితే ఏమవుతుందో లెక్క వేయవచ్చును. ఆ పాట 3 నిమిషాల 15 సెకన్లు సాగినదనుకొంటే రికార్డుమీద 234 చుట్లు ఉంటాయి. 78 వేగంతో అవి సరిగా 3 నిమిషాలలో పూర్తి అవుతాయి. 15 సెకన్ల తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కాని కంపనాల సంఖ్య కూడా అదే నిష్పత్తిలో, అనగా 8 శాతానికి పైగా పెరుగుతుంది. ఒక స్వరస్థానానికీ దాని పై స్వరస్థానానికీ మధ్య భేదం సుమారు 6 శాతం మాత్రమే. కాబట్టి ‘ఒకటి’ శ్రుతిలో పాడిన పాట ‘ఒకటిన్నర’ శ్రుతిని దాటి వినిపిస్తుంది. పురుషుని గొంతు స్త్రీకంఠంవైపు జరుగుతుంది. రికార్డు నెమ్మదిగా తిరిగితే దీనికి విరుద్ధంగా గొంతు బొంగురుపోతుంది. కీ ఇచ్చి త్రిప్పే పాత గ్రామఫోనులో స్ప్రింగు బిగువు తగ్గినకొద్దీ పాట దిగజారిపోవడం ఇందువల్లనే.

చలనచిత్రం సంగతి వేరు. తెరమీద సెకనుకు 24 చిత్రాలు నడవాలి. ఆ వేగం తప్పితే మాటకు, పెదవులకు పొంతన కుదరదు. అందుచేత 1966 నాటి పాట వేగం విషయంలో నమ్మదగినది. పాత రికార్డు వేగాన్ని ముందు పరీక్షించాలి.

ఆ పరీక్షకు ఉపాయాలు ఉన్నవి. యంత్రం వేగం మారినప్పుడు శ్రుతి, లయ రెండూ ఒకే నిష్పత్తిలో మారుతాయి. గాయకుడు కావాలని శ్రుతి హెచ్చించినప్పుడు లయ దానితోపాటు హెచ్చనవసరం లేదు. నోటిలోను గొంతులోను ఏర్పడే ప్రతిధ్వనులవల్ల ‘అ’, ‘ఇ’, ‘ఉ’ వంటి అచ్చులకు వేర్వేరు రూపాలు కలుగుతాయి. రికార్డు వేగంగా తిరిగితే ఆ రూపాలు కూడా చెదరి, పసిపిల్లల పలుకులవలె వినిపిస్తాయి. నాటకపు పాటకు ప్రక్కన వాయించే హార్మోనియం మరొక సాక్షి. దాని మెట్ల శ్రుతి గాయకుని ఇష్టాన్నిబట్టి మారదు. రికార్డులోని హార్మోనియం ఏ మెట్టుకూ అందక రెండు మెట్ల నడుమ పలుకుతున్నదంటే, వేగాన్ని అనుమానించడానికి కారణం ఉన్నదన్నమాట. ఈ పరీక్షలు జరిగిన తరువాతనే గాయకుని స్థాయిని గురించి మాట్లాడాలి.

రెండవది ధ్వనిని పట్టుకొనే సాధనం. 1925కు పూర్వం మైక్రోఫోనుతో రికార్డులు తయారుచేసే పద్ధతి వాడుకలోకి రాలేదు. గాయకుడు పెద్ద కొమ్ముబూర ముందు నిలిచి గట్టిగా పాడేవాడు. గాలి కంపనాలే సూదిని కదిలించి మైనంమీద గాడి గీసేవి. ఈ పద్ధతిలో మరీ మంద్రమైన ధ్వనులు గాని, మరీ సూక్ష్మమైన ధ్వనులు గాని ముద్రపడవు. ‘స’, ‘శ’, ‘ష’లలోని ఊష్మధ్వని ప్రధానంగా ఎక్కువ కంపనాలు గలది. అందుచేత బూర రికార్డులో ఈ మూడక్షరాలు ఒకదానికొకటి పోలి, మసకగా వినిపిస్తాయి. దీనిని నటుని ఉచ్చారణదోషంగా ఎంచడం అన్యాయం. 1966 నాటికి మైక్రోఫోను ఎంతో సున్నితమైనది. గుసగుసను కూడా అందుకోగలదు. సుశీల కంఠంలోని మార్దవం వినేవారిని చేరడంలో ఆమె ప్రతిభతోపాటు ఆ సాధనానికి కూడా భాగం ఉన్నది.

మూడవది వ్యవధి. 1902 నవంబరులో కలకత్తాలో గైస్‌బర్గ్ అనే నిపుణుడు గౌహర్ జాన్ పాటలను రికార్డు చేశాడు. ఆమె ఎంత విస్తారమైన రాగాన్నయినా సుమారు 3 నిమిషాలకు కుదించవలసి వచ్చినది. ఆ పళ్లెం వైశాల్యం అంతే. ఆ రికార్డులను జర్మనీలోని హానోవర్‌లో అచ్చువేయవలసి ఉండినందున, అక్కడివారు గుర్తించడానికి వీలుగా పాట చివర ఆమె తన పేరు చెప్పేది. తెలుగు నాటకరంగంలోనూ ఇదే ఇబ్బంది. ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అన్నకొద్దీ నటుడు పాటను పెంచేవాడు. స్థానం వారు ఒకే పల్లవికి పలు విధాల అభినయం చూపేవారని ప్రసిద్ధి. అదంతా రికార్డుకు ఎక్కలేదు. రికార్డులో పాట త్వరగా ముగిసినంతమాత్రాన రంగస్థలంమీద కూడా అట్లే ముగిసేదని తలచకూడదు.

పాశ్చాత్యుల సంగీతనాటకమైన ‘ఆపెరా’ విషయంలో ఈ పోలిక కొంత సులభం. బెంజమిన్ బ్రిటెన్ రచించిన ‘పీటర్ గ్రైమ్స్’ అనే ఇంగ్లీషు ఆపెరా 1945 జూన్ 7న లండనులో మొదట ప్రదర్శింపబడినది. ఊరివారి అనుమానానికి గురి అయిన ఒక జాలరి కథ అది. 1958లో బ్రిటెన్ స్వయంగా నిర్వహించిన రికార్డులో, మొదటి ప్రదర్శనలో ఆ పాత్ర ధరించిన పీటర్ పియర్సే పాడాడు. అతని గ్రైమ్స్ కలలు కనే ఒంటరి. 1978లో కోలిన్ డేవిస్ నిర్వహణలో జాన్ వికర్స్ పాడిన గ్రైమ్స్ మొరటుతనం, ఆవేశం గలవాడు. 1948లో వచ్చిన ‘లాంగ్ ప్లే’ రికార్డు ఒక్కొక్క వైపు 20 నిమిషాలకు పైగా ధ్వనిని ఇముడ్చుకోగలదు. కాబట్టి ఆపెరా అంతా కోతలేకుండా నిలిచినది. పైగా ప్రతి స్వరమూ రచయిత వ్రాసిపెట్టిన ప్రతిలో ఉన్నది. ఇద్దరు గాయకులు దానినుండి ఎక్కడ వేరయినారో కాగితం చూచి చెప్పవచ్చును. ‘మీరజాలగలడా’కు మాటల ప్రతి ఉన్నది గాని, గమకాలు, నిలుపులు, విరుపులు వ్రాసిన ప్రతి లేదు. అక్కడ రికార్డే మూలప్రతి. మూలప్రతిలో తప్పు దొర్లితే చరిత్రలోనూ తప్పు దొర్లుతుంది.

ఈ జాగ్రత్త గతానికి మాత్రమే సంబంధించినది కాదు. మొగుళ్లపల్లి, జనగామ ప్రాంతాలు గల పూర్వపు వరంగల్లు జిల్లా చిందు యక్షగానానికి, ఒగ్గుకథకు ప్రసిద్ధి. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో ‘పద్మశ్రీ’ లభించినది. చిందు యక్షగానంలో కూడా పాటే కథను నడిపిస్తుంది. దానికీ స్వరలిపి లేదు. ఈనాడు చేతిలోని ఫోనుతో ఏ విద్యార్థి అయినా ఆ పాటను నమోదు చేయవచ్చు. యంత్రానికి వేగం తప్పే బాధ దాదాపు లేదు. కాని ప్రదర్శన జరిగిన ఊరు, తేదీ, పాడినవారి పేరు, వంతపాటవారి పేర్లు, ఫోను ఎంత దూరంలో ఉన్నది, మధ్యలో ఏ భాగం విడిచిపెట్టినది అన్న వివరాలను యంత్రం తనంతట తాను చెప్పదు. అవి వ్రాసిపెట్టవలసినది మనిషే. అట్లా వ్రాసిపెట్టిన రికార్డు, రేపు మరొక రికార్డుతో పోల్చి చూచేవారికి నమ్మదగిన సాక్ష్యం అవుతుంది.