"ఎంతమంది పడ్తరు?"

మా టీములో లంచ్ టైమ్ చర్చ ఈమధ్య ఒకటే: ఏడు సీట్ల ఎస్‌యూవీల్లో దేని ఇంజన్ గట్టిది? నాకూ ఒకటి కొనాలనుంది కాబట్టి బుద్ధిగా ఎక్సెల్ షీటొకటి తయారుచేసి, పోయిన శనివారం చొప్పదండి వెళ్ళినప్పుడు బాపుకి చూపించాను. హార్స్‌పవర్ కాలమ్ వైపు ఆయన చూడనే లేదు. "ఎంతమంది పడ్తరురా?" అన్నాడంతే.

నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే మా కరీంనగర్ వైపు ఆ ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉంది.

మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లోనే విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. మా ఊళ్ళల్లో మాత్రం చాలాకాలం జీపంటే పోలీసులదో, సర్కారు ఆఫీసుదో, దొరదో. 1978లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రోజుల్లో పొద్దుగూకినంక జీపు చప్పుడు వినబడితే తలుపులేసుకునేవాళ్ళమని పెద్దవాళ్ళు చెప్తారు. ఇక అందులో ఎక్కే మాట దేవుడెరుగు!

తర్వాత అదే జీపు కిరాయి బండైంది. బస్సు రాని ఊరికి కమాండర్ జీపో, ట్రాక్సో దిక్కు. వెనక ఎదురుబొదురు బెంచీలు, లెక్కకి పదిమంది, నిజానికి ఎంతమంది ఎక్కితే అంతమంది. క్లీనర్ ఫుట్‌బోర్డు మీద.

1994లో టాటా సుమో వచ్చింది. జపాను పహిల్వాన్ల పేరనుకుంటాం గానీ, అది టెల్కోని నడిపించిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోంచి తీసింది. పది సీట్లు, 1948 సీసీ డీజిల్ ఇంజన్, హార్స్‌పవర్ డెబ్బై కూడా లేదు. పెళ్ళికైనా, వేములవాడకైనా, మేడారానికైనా అదే. (ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేవడం అదనపు డ్యూటీ :) )

2000లో వచ్చిన క్వాలిస్‌ది 75 హార్స్‌పవర్. నాకు క్వాలిస్ అంటే గల్ఫ్ ప్రయాణాలే గుర్తొస్తాయి. పోయేవాణ్ణి దింపడానికి 2008 దాకా బేగంపేటకి, ఆ తర్వాత శంషాబాదుకి. ముందు సీట్లో అతను, నడిమి వరుసలో తల్లీ తండ్రీ భార్యా, వెనక వరుసలో బామ్మర్దులూ పిల్లలూ. తిరిగొచ్చేటప్పుడు ముందు సీటు ఖాళీ. దారంతా ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

2002లో స్కార్పియో 109 హార్స్‌పవర్‌తో దిగాక సంగతి మారింది. లీడర్ల వెనక కాన్వాయిలో కనబడేసరికి, 'ఎంతమంది' పోయి 'ఎంత స్పీడు' వచ్చింది. 2021లో వచ్చిన ఎక్స్‌యూవీ 700 పెట్రోలుకి ఏకంగా 200. సీట్లు మాత్రం సుమో పది నుంచి ఏడుకి తగ్గాయి. వాటిల్లోనూ చివరి రెండింటిలో పెద్దవాళ్ళు కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఏడుగురూ ఎక్కితే మూటాముల్లె పెట్టుకునే చోటుండదు.

మన భాషలో చెప్పాలంటే ఇది లోడ్ లేకుండా బెంచ్‌మార్క్ చేయడం లాంటిది. మనిషికి 65 కిలోలేసుకున్నా ఏడుగురు 455 కిలోలు. ఆ బరువుతో ఎత్తెక్కాలంటే తక్కువ ఆర్‌పీఎంలో వచ్చే టార్క్ ముఖ్యం. 2005 ఇన్నోవాది 102 హార్స్‌పవరే, కానీ 200 న్యూటన్ మీటర్ల టార్క్ 1400 ఆర్‌పీఎం నుంచే అందేది. కిరాయి బండ్లవాళ్ళు దాన్ని ఊరికే వదల్లేదు! అందుకే నేనైతే 200 హార్స్‌పవర్ పెట్రోలు కంటే అదే బండిలో 185 హార్స్‌పవర్ డీజిలుకే ఓటేస్తాను. మాన్యువల్‌లో కూడా దాని టార్క్ 420. పెట్రోలుది 380.

బాపు ప్రశ్నకి ఇంకో వైపు కూడా ఉంది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. బస్సులో దాదాపు వందమంది ఉన్నారు. 'పడ్తరు' అనుకుంటూ ఎక్కించడం మనకంత అలవాటు. అందుకే బెల్టులు ఎన్నుంటే అంతమందేనని బాపుతో చెప్పాను. ఆయనకి నచ్చలేదు. "మరి అవ్వ యాడ కూసుంటది?" అన్నాడు.

షీటులో ఆ కాలమ్ లేదు. వచ్చే ఆదివారం టెస్ట్ డ్రైవ్‌కి ఇంట్లో అందరం వస్తున్నామని షోరూమ్ అబ్బాయికి చెప్పాను. "ఏడుగురా సార్?" అన్నాడు. అవును, ఏసీ వేసి, ఎత్తు రోడ్డు మీద. అవ్వ మూడో వరుసలోకి ఎక్కగలదో లేదో ముందు అది చూడాలి.