టోటల్ లాస్ కారు: బీమా లెక్క నుంచి పాతకార్ల బజారు దాకా

ప్రమాదంలోనో వరదలోనో దెబ్బతిన్న కారును బాగుచేయించడం కన్నా దాని విలువను యజమానికి చెల్లించడమే మేలని బీమా సంస్థ నిర్ణయించినప్పుడు ఆ కారును టోటల్ లాస్ అంటారు. బ్రిటన్‌లో దీనికే రైట్-ఆఫ్ అని పేరు. ఆ నిర్ణయంతో యజమానికీ బీమా సంస్థకూ మధ్య లెక్క తేలిపోతుంది గాని కారు కథ అక్కడితో ముగియదు. మిగిలిన శకలానికి, అంటే బీమా పరిభాషలో సాల్వేజ్‌కు, ఎప్పుడూ ఒక ధర ఉంటుంది. ఆ ధర పెట్టి కొన్నవారు దాన్ని విడిభాగాలుగా అమ్ముకుంటారు, లేదా షెడ్డులో డెంటింగు, పెయింటింగు చేయించి మళ్ళీ రోడ్డెక్కిస్తారు. బాగుచేసిన కారు అమ్మడంలో తప్పేమీ లేదు. కొనేవారికి ఆ సంగతి తెలియనివ్వకపోవడమే తప్పు. ఈ వాహనాల చరిత్ర అంతా ఆ తెలియజేయడం చుట్టూనే తిరిగింది.

ఈ లెక్క మోటారు బండ్ల కన్నా చాలా పాతది, ఓడల వ్యాపారంలో పుట్టినది. 17వ శతాబ్దం చివర లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ నడిపిన కాఫీ హౌసులో ఓడల యజమానులు, సరుకుల వర్తకులు, వారికి పూచీ పడే ధనికులు కలుసుకొని బేరాలు కుదుర్చుకొనేవారు. నడిసముద్రంలో మునిగిన ఓడ విషయంలో వివాదానికి తావు లేదు గాని, రాళ్ళకు తగిలి ఒరిగిపోయిన ఓడను పోయిన దానిగా లెక్కించాలా, మిగిలిన దానిగా లెక్కించాలా అన్న ప్రశ్నకు సమాధానం కావలసివచ్చింది. అలా స్థిరపడిన ఆచారాన్ని బ్రిటన్ 1906 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టంలో 60వ సెక్షన్‌గా రాసుకుంది: మరమ్మతుకయ్యే ఖర్చు, మరమ్మతు తరువాత ఓడకుండే విలువను మించిపోతే దాన్ని కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్‌గా, అంటే కంటికి కనబడుతున్నా లెక్క ప్రకారం పూర్తిగా పోయినట్టే భావించదగిన నష్టంగా, పరిగణించాలి, అప్పుడు యజమాని ఓడను వదులుకుంటున్నట్టు నోటీసు ఇచ్చి పూర్తి సొమ్ము కోరవచ్చు, మిగిలిన ఓడను బీమాదారు స్వాధీనం చేసుకోవచ్చు. భారతదేశం 1963లో చేసుకున్న మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం కూడా ఈ సూత్రాన్నే స్వీకరించింది.

ఓడల కోసం ఏర్పడిన ఈ సూత్రం కార్లకు వర్తించినప్పుడు కొత్త చిక్కు ఎదురైంది. ఓడకు పేరుంటుంది, నమోదైన రేవుంటుంది, దాని పూర్వాపరాలు వర్తకలోకానికి తెలిసి ఉంటాయి. ఒకే మూసలో వేలకొద్దీ తయారయ్యే కార్లను వేరుచేసి చూపేవి వాటి మీద వేసిన అంకెలు, వాటి వెంట నడిచే కాగితాలు మాత్రమే. బ్రిటన్‌లో 1903 చట్టం ప్రకారం 1904 జనవరి 1 నుంచి నంబరు ప్లేట్లు తప్పనిసరి అయ్యాయి. 1930 చట్టం ఇతరులకు కలిగే ప్రాణహానికీ గాయాలకూ బీమాను తప్పనిసరి చేసింది. సొంత కారుకు కలిగే నష్టాన్ని కూడా భరించే పాలసీలు వ్యాపించే కొద్దీ బీమా సంస్థల చేతికి వచ్చే శకలాలు పెరిగాయి. వాటిని కొనేవారిలో దొంగలూ చేరారు. నుజ్జయిన కారును కారుచౌకగా కొని, అదే కంపెనీ, అదే మోడల్, అదే రంగు కారును దొంగిలించి, శకలం నంబర్లనూ కాగితాలనూ దొంగ కారుకు తగిలించి అమ్మే ఈ మోసానికి బ్రిటన్‌లో రింగింగ్ అని పేరు వచ్చింది. కొన్నవారి చేతిలో కాగితాలన్నీ అసలైనవే ఉంటాయి, కారు మాత్రం మరొకరిది.

కార్ల నిర్మాణంలో వచ్చిన మార్పు మరో రకం ప్రమాదానికి దారితీసింది. తొలినాటి కార్లలో బలమంతా కింద ఉండే ఇనుప ఛాసిస్‌దే కాబట్టి, పైన బిగించిన బాడీ సొట్టపడితే విప్పి మార్చవచ్చు. 1922లో వచ్చిన లాన్సియా లాంబ్డా, 1934లో వచ్చిన సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ వంటి కార్లతో మొదలై, మోనోకాక్ పద్ధతి, అంటే వేరే ఛాసిస్ లేకుండా రేకుల పెంకే బరువంతా మోసే నిర్మాణం, క్రమంగా ప్రయాణికుల కార్లలో అత్యధిక భాగానికి పాకింది. భారతదేశంలో 1983 చివర రోడ్డెక్కిన మారుతి 800 కూడా ఈ తరహాదే. ఇటువంటి కారులో ఒక మూల తగిలిన దెబ్బ పిల్లర్ల మీదుగా మరో మూలకు పోతుంది గనుక కొలతలు కుదిరేలా నిలబెట్టడం కష్టం. ముందు భాగం పోయిన కారునూ వెనుక భాగం పోయిన కారునూ నడిమికి కోసి, మంచి సగాలను వెల్డింగ్ చేసి ఒకే కారుగా అమ్మే కట్ అండ్ షట్ అన్న ప్రాణాంతకమైన పద్ధతి కూడా ఇందులోంచే పుట్టింది. ఇటువంటి పనికి ఆనవాళ్ళు మిగులుతాయి: తలుపు చట్రం మీది రబ్బరు బీడింగును లాగి చూస్తే ఫ్యాక్టరీ వేసిన స్పాట్ వెల్డింగులు సమాన దూరాల్లో చిన్న గుంటల వరుసగా కనిపిస్తాయి, చేత్తో వేసిన చోట ఆ వరుస చెదిరి, అరగదీసిన గుర్తులూ మెత్తిన పుట్టీ బయటపడతాయి.

బ్రిటన్ బీమా సంస్థలు 1980ల చివర నుంచి తాము వదులుకున్న కార్ల వివరాలను ఉమ్మడి రిజిస్టరులో చేర్చడం మొదలుపెట్టాయి. వాటి సంఘమైన అసోసియేషన్ ఆఫ్ బ్రిటిష్ ఇన్సూరర్స్ ఆ కార్లను నాలుగు వర్గాలుగా విడదీసింది. ఎ వర్గం కారును పూర్తిగా తుక్కు చేయాలి; బి వర్గం కారు విడిభాగాలు వాడుకోవచ్చు గాని పెంకును నుజ్జు చేయాలి; సి వర్గం కారు బాగుపడుతుంది గాని దాని విలువ కన్నా ఖర్చు ఎక్కువ; డి వర్గం కారుకు ఖర్చు విలువను మించకపోయినా బీమా సంస్థ ఆ పనికి పూనుకోలేదు. రింగింగును అరికట్టడానికి ప్రభుత్వం 2003లో వెహికల్ ఐడెంటిటీ చెక్ పేరిట, బాగుచేసిన కారు ఆ నంబరుకు చెందిన అసలు కారేనా అని తేల్చే పరీక్షను ప్రవేశపెట్టింది. 2015లో దాన్ని రద్దు చేసేనాటికి ఏడు లక్షలకు పైగా కార్లను పరీక్షించగా పట్టుబడినవి 38 మాత్రమే. ఆ పరీక్ష అడిగినది కారు ఎవరిదని. అది నడపడానికి భద్రమా అన్న ప్రశ్న దాని పరిధిలో లేదు.

ఆ ప్రశ్నకు వర్గీకరణలోనూ సరైన చోటు లేదు. సి, డి వర్గాలు ఖర్చును బట్టి ఏర్పడినవి కావడంతో, తలుపులు గీసుకుపోయిన పాత కారు విలువ తక్కువ కాబట్టి సి వర్గంలో పడవచ్చు, అస్థిపంజరమే వంగిన ఖరీదైన కొత్త కారు డి వర్గంలో తేలిపోవచ్చు. 2017 అక్టోబరు 1 నుంచి ఈ రెంటినీ తొలగించి, నిర్మాణం దెబ్బతిన్న కార్లకు ఎస్, నిర్మాణానికి దెబ్బ తగలని కార్లకు ఎన్ అన్న వర్గాలను పెట్టారు. సొమ్ము లెక్కగా మొదలైన మాట తొలిసారిగా కొనేవారి ప్రాణానికి సంబంధించిన సమాచారంగా మారింది.

అమెరికాలో ఈ తెలియజేసే పని టైటిల్, అంటే యాజమాన్య పత్రం, మీదే జరిగింది. అక్కడ టోటల్ లాస్ కారు టైటిల్ మీద సాల్వేజ్ అన్న ముద్ర పడుతుంది, బాగుచేశాక ఆ సంగతి కూడా నమోదవుతుంది. అయితే ఏ మేరకు దెబ్బతింటే ముద్ర వేయాలన్న నియమం రాష్ట్రానికొక రకంగా ఉండడంతో, కారును మరో రాష్ట్రంలో నమోదు చేయించి మచ్చలేని పత్రం సంపాదించే టైటిల్ వాషింగ్ వ్యాపించింది. 1981 మోడల్ నుంచి ప్రతి కారుకూ 17 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య తప్పనిసరి కావడం, 1992 చట్టం జాతీయ టైటిల్ సమాచార వ్యవస్థకు ఆధారం వేయడం దీనికి విరుగుడుగా పనిచేశాయి. అయినా 2005లో, సాల్వేజ్ ముద్ర లేకుండా వేలాది కార్లు బజారుకు చేరిన వ్యవహారంలో దేశంలోని అతి పెద్ద బీమా సంస్థల్లో ఒకటి రాష్ట్రాల అటార్నీ జనరళ్ళతో 4 కోట్ల డాలర్ల ఒప్పందానికి రావలసివచ్చింది. అదే ఏడాది కత్రినా తుపాను లక్షలాది కార్లను ముంచింది. బీమా సంస్థలు, తుక్కు యార్డులు నెలనెలా వివరాలు పంపాలన్న నియమం 2009లో గాని అమలులోకి రాలేదు. చదువుకూ ఉద్యోగానికీ అమెరికా వెళ్ళి తొలి కారుగా సెకండ్ హ్యాండ్ కారు కొనే తెలుగువారికి ఇప్పుడు కారు గుర్తింపు సంఖ్య ఆధారంగా టైటిల్ చరిత్ర తెలుసుకొనే వీలుంది.

భారతదేశంలో 1939 మోటారు వాహనాల చట్టంలోని తప్పనిసరి బీమా నిబంధన 1946లో అమలైంది. 1973లో సాధారణ బీమా జాతీయమైంది. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్ టోటల్ లాస్‌కు నేటికీ వాడుకలో ఉన్న కొలతను ఇచ్చింది. దాని ప్రకారం కారు ఐ.డి.వి., అంటే కంపెనీ అమ్మకపు ధరలోంచి వయసును బట్టి తరుగుదల తీసివేయగా వచ్చిన విలువలో, 75 శాతాన్ని మరమ్మతు ఖర్చు మించితే అది కన్‌స్ట్రక్టివ్ టోటల్ లాస్. తరుగుదల మొదటి ఆరు నెలల్లో 5 శాతం, నాలుగేళ్ళు దాటి ఐదేళ్ళలోపు కారుకు 50 శాతం. 10 లక్షల ధర గల కారుకు కొత్తలో 7 లక్షల దాకా అయ్యే ఖర్చును కూడా బీమా సంస్థ భరించి బాగుచేయిస్తుంది, ఐదో ఏట 3 లక్షల 75 వేలు దాటితే టోటల్ లాస్ అంటుంది. ఈ మాట కారు వయసును చెబుతున్నదో, దెబ్బ తీవ్రతను చెబుతున్నదో విడదీసి చూపే ఎస్, ఎన్ వంటి వర్గాలు ఇక్కడ ఏర్పడలేదు.

పరిష్కారం జరిగే తీరు కూడా గతాన్ని మరుగుపరచడానికే తోడ్పడింది. సర్వేయరు, అంటే నష్టాన్ని అంచనా వేసే లైసెన్సుదారు, శకలానికి వ్యాపారుల నుంచి ధరలు తెప్పిస్తాడు, ఆర్.సి.తో, అంటే రిజిస్ట్రేషన్ పత్రంతో, కలిపి ఒక ధర, ఆర్.సి. లేకుండా ఒక ధర వస్తాయి. ఆర్.సి.తో కలిపిన ధర ఎక్కువ. ఆ రెంటి మధ్య తేడా ఇనుము విలువ కాదు, ఆ బండిని తిరిగి రోడ్డు మీద తిప్పగల హక్కు విలువ. నెట్ ఆఫ్ సాల్వేజ్ పద్ధతిలో శకలం ధర పోగా మిగిలిన సొమ్మును బీమా సంస్థ చెల్లిస్తుంది, శకలాన్ని యజమాని నేరుగా వ్యాపారికి అమ్ముతాడు, ఆర్.సి.లో మామూలు యాజమాన్య బదిలీ మాత్రమే కనిపిస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం నాశనమైన, లేదా శాశ్వతంగా పనికిరాకుండా పోయిన వాహనం సంగతి యజమాని 14 రోజుల్లో తెలియజేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి; లెక్క ప్రకారం మాత్రమే పోయిన కారు ఈ నిర్వచనంలోకి తప్పకుండా వస్తుందని చెప్పలేం. శకలం కాగితాలతో దొంగ కార్లను అమ్మే ముఠాలు భారతదేశంలోనూ పోలీసులకు పట్టుబడ్డాయి, వాటికి తావిచ్చింది ఈ సందే.

2005 జూలై 26న ముంబయిలో, 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగిన విజయవాడలో కార్లు నీట మునిగినప్పుడు ఈ లోపం మరింత బరువైంది, ఎందుకంటే వరద కారుకు సొట్టలుండవు. సీటు బెల్టును చివరిదాకా లాగితే అడుగున కనిపించే బురద చార, సీటు కింది పట్టాల తుప్పు, వైరింగ్ కనెక్టర్లలో పట్టిన పచ్చని చిలుము మాత్రమే నిజం చెబుతాయి. గత సంవత్సరాల పాలసీ కాగితాలు కూడా కొంత చెబుతాయి: మధ్యలో తెగిన పాలసీ, అదే సమయంలో జరిగిన యాజమాన్య బదిలీ కలిసి కనిపిస్తే కొనుగోలుదారు తప్పక కారణం అడగాలి.

అయితే ఈ పరిశోధనను కొనుగోలుదారు మీద వదిలేయడం న్యాయం కాదు. నిర్మాణం వంగిందా, బండి నీట మునిగిందా అన్నది సర్వేయరు నివేదికలో ఉండనే ఉంటుంది. అందులోని ఒక్క వాక్యాన్ని వాహనాల రిజిస్ట్రేషన్ వివరాలుండే వాహన్ రిజిస్టరులోకి, అక్కడి నుంచి ఆర్.సి.లోకి చేర్చడానికి కొత్త సాంకేతికత అక్కరలేదు. దీనివల్ల బాగుచేసేవారి జీవనానికి హాని కలుగుతుందన్న భయానికి బ్రిటన్‌లో ఎస్, ఎన్ కార్లు తమ వర్గం చెప్పుకొని తగ్గిన ధరకు బాహాటంగా అమ్ముడుపోవడమే జవాబు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వంగిన పెంకును కొలతకు తెచ్చే మేస్త్రీ పనితనం నేడు దాచవలసిన రహస్యంగా ఉంది, గతం ఆర్.సి. మీద నమోదైననాడు ఆ పనితనం పరీక్షకు నిలిచి, తనకు తగిన ధరను తలెత్తుకొని అడగగలుగుతుంది.