లండను పొగయు, తోటలును

పట్టణములలో గాలి చెడినదని వినినంతనే చెట్లు నాటుడని చెప్పుట నేడు వాడుకయైనది. చెట్లు నాటుట మంచిపనియే. దానిని కాదనువారు లేరు. కాని చెట్టు నాటినంతమాత్రమున గాలి బాగుపడునా? ఈ విషయమున లండను నగరము దాదాపు మూడువందల యేండ్లు పాఠము నేర్చుకొనెను. అందుకై చెల్లించిన వెల చిన్నది కాదు. ఆ చరిత్రమును మా పాఠకుల ముందుంచుచున్నాము.

1661వ సంవత్సరమున జాన్ ఈవ్లిన్ అను పండితుడు 'ఫ్యూమిఫ్యూజియం' అను చిన్న గ్రంథమును వ్రాసి రెండవ చార్లెసు రాజునకు సమర్పించెను. పొగను పారద్రోలుట యని ఆ పేరునకు భావము. ఒకనాడు దాపుననున్న గొట్టముల పొగ వైట్‌హాలు రాజభవనములోనికి చొరబడి, లోపలివారు ఒకరికొకరు కానరాకుండ చేసినదట. ఆ నగరమున కాల్చుచుండినది ఓడలపై వచ్చు న్యూకాసిల్ బొగ్గు. ఇండ్ల పొయ్యిలకంటె బీరు కాచువారు, అద్దకపువారు, సున్నము కాల్చువారు, ఉప్పును సబ్బును వండువారు పెట్టుకొనిన బట్టీలే హానికి మూలమని ఈవ్లిన్ తలచెను. వానిని థేమ్సు నది వెంట అయిదారు మైళ్లు దిగువకు తరలింపవలెననియు, నగరము చుట్టును గులాబి, మల్లెజాతి పొదలతో తోటలు పెంచవలెననియు అతడు కోరెను.

అతడు చూపిన నిదర్శనములలో నొకటి మిక్కిలి గమనింపదగినది. అంతర్యుద్ధకాలమున న్యూకాసిల్ ముట్టడికి లోనై బొగ్గు రాక నిలిచిపోయిన యేట, లండను నడిబొడ్డున నున్న తోటలు మునుపెన్నడును లేనంత విరివిగా కాచినవట! చెట్లు పొగను మాన్పలేదు. పొగ తగ్గగానే చెట్లు కోలుకొనినవి. మనము వైద్యుడని నమ్ముకొనిన చెట్టు తానే ఆ రోగమునకు లోబడినదన్నమాట.

రాజు గ్రంథమును మెచ్చుకొనెను. మరుసటి యేట శాసనపు చిత్తుకూడ సిద్ధమయ్యెను. కాని బట్టీలు కదలలేదు.

పందొమ్మిదవ శతాబ్దమున నగరము పెరిగెను, పొగయు పెరిగెను. లండనులో గాలి తరచుగా పడమటినుండి వీచును. కావున పొగయంతయు తూర్పుదిక్కునకు పోవును. దుర్గంధపు పరిశ్రమలును, వానిలో పనిచేయు బీదలును అచ్చటనే చేరిరి. పడమట ధనికుల కుద్యానములు. తూర్పున బీదలకు పొగ. 1833లో పార్లమెంటు నియమించిన సంఘము ప్రజలకు విహారస్థలములు కావలెనని నివేదించెను. 1840లో ముప్పదివేలమంది తూర్పువాసులు చేవ్రాళ్లు చేసి విక్టోరియా రాణికి విన్నపము పంపిరి. 1845లో విక్టోరియా పార్కు తెరువబడెను. బీదల బిడ్డలు పరుగెత్తుటకు పచ్చిక దొరకెను. అది గొప్ప మేలే. అయితే పార్కు కంచె కావలనున్న గొట్టముల నెవరును ముట్టలేదు. ఈవ్లిన్ కోరిన రెండు పనులలో సులభమైనది మాత్రమే జరిగెను.

దాని ఫలము 1952లో కనబడెను. డిసెంబరు 5 మొదలు 9 వరకు గాలి కదలక, చల్లనిగాలిపై వెచ్చనిగాలి మూతవలె కప్పుకొనుటచే, లక్షల పొయ్యిల పొగ నేలనే నిలిచిపోయెను. నాలుగువేలమంది మరణించిరని అప్పటివారు లెక్కించిరి. పండ్రెండువేల వరకు నుండునని తరువాతి పరిశోధకులు తేల్చిరి. హైడ్ పార్కును, విక్టోరియా పార్కును ఆనాడును ఉన్నవి. శీతకాలపు మోడులై వీథుల వెంట ప్లేను చెట్లును ఉన్నవి. అవి యెవ్వరిని కాపాడగలిగినవి?

అప్పుడు గాని ప్రభుత్వము మేలుకొనలేదు. 1956లో వచ్చిన స్వచ్ఛవాయు శాసనము పొగలేని మండలములను ఏర్పరచి, ఇండ్ల పొయ్యిలను మార్చుకొనుటకు ధనసహాయము చేసెను. క్రమముగా బొగ్గు స్థానమున గ్యాసును విద్యుత్తును వచ్చెను. నగరములోని బ్యాటర్సీ విద్యుత్కేంద్రము 1983లో ఆరిపోయెను. ఆ పొగమంచు క్రమముగా తగ్గిపోయెను.

మరి తోటలు వ్యర్థములా? కావు. ఆకులు ధూళిని కొంత పట్టుకొనును. నీడ వేడిమిని తగ్గించును. ఖాళీస్థలము గాలిని పారనిచ్చును. తోటయున్నచోట మరొక బట్టీ లేవదు. అయినను చెట్లు తీసివేయు మురికి నగరపు మురికిలో నూటికి కొద్దిపాళ్లే. ఇరుకువీథిలో దట్టముగా నాటిన చెట్లు బండ్ల పొగను పైకి పోనీయక క్రిందనే ఆపుననియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఏ స్థలమున నేమి కాల్చుచున్నామన్నదే మొదటి ప్రశ్న. ఏ స్థలమున నేమి నాటుదమన్నది రెండవది.

2019లో భారత ప్రభుత్వ మారంభించిన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమమున హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములును చేరినవి. ఈ నగరవాసులైన మా పాఠకుల యింటి ముంగిట పురపాలకులు మొక్క నాటినచో సంతోషింపవలసినదే, నీరును పోయవలసినదే. ఆ వెంటనే, ఆ వీథి చివర మండుచున్న చెత్తకుప్ప నెప్పుడు ఆర్పుదురనియు, ఇండ్ల నడుమనున్న బట్టీ నెప్పుడు తరలింతురనియు అడుగవలెను. మన పెరటిలో మనమే యాకులు తగులబెట్టుచున్నచో, ఆ ప్రశ్నను ముందు మనల మనమే అడుగుకొనవలెను.