న్యూస్ పేపర్లో చుట్టిన ప్యాకెట్టు

మొన్నామధ్య ఆఫీసు నుంచి వస్తూ మెడికల్ షాపులో ఆగాను. ఇంట్లోకి ప్యాడ్స్ కావాలి. అడక్కుండానే షాపతను వాటిని న్యూస్ పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, అటూ ఇటూ చూసి చేతికిచ్చాడు, గంజాయి అమ్ముతున్నట్టు :) దగ్గు మందు మాత్రం అలాగే ఇచ్చేశాడు.

ఈ దాపరికం మన దగ్గరే ఉందనుకునేవాణ్ణి. కాదుట. మొదటి ప్రపంచ యుద్ధంలో కింబర్లీ క్లార్క్ అనే అమెరికన్ కంపెనీ గాయాల కట్లకోసం కలప గుజ్జుతో ఒక రకం దూది తయారు చేసింది. దాన్ని నర్సులు నెలసరికి వాడుకున్నారు. యుద్ధమయ్యాక, 1920లో, కంపెనీ అదే సరుకుతో ప్యాడ్స్ చేసి కోటెక్స్ పేరుతో అమ్మకానికి పెట్టింది. సరుకు బాగానే ఉంది, కానీ కౌంటర్లో మగవాడుంటే అడిగేదెవరు? చివరికి షాపుల్లో ప్యాకెట్ల పక్కన ఒక డబ్బా పెట్టించారు. డబ్బులు అందులో వేసి, నోరు మెదపకుండా ప్యాకెట్ పట్టుకెళ్లిపోవచ్చు.

మనది ఇంకా విచిత్రం. పిల్ల పెద్దమనిషైందంటే కార్డులు, ఫ్లెక్సీలు, మేనమామ చీర, భోజనాలు. ఊరంతటికీ చెప్తాం. ఆ మరుసటి నెల నుంచి మూలన చాప, విడిగా కంచం, ఊరగాయ జాడీ ముట్టుకోవద్దు. మా అక్కకి జరిగింది ఇదే. "అక్కని కాకి ముట్టుకుంది" అని నాకు చెప్పేవాళ్లు. గుడ్డలు ఎవరికంటా పడకూడదని పెరట్లో ఇంకో చీర కింద ఆరేసేది. వాటికి ఎండెక్కడ తగుల్తుంది? ఫంక్షన్‌కి అప్పు చేసిన ఇంట్లోనే, ప్యాడ్స్ అడిగితే "అంత డబ్బు తగలేస్తామా" అన్నారు.

గుడ్డ వాడటం తప్పేం కాదు, శుభ్రంగా ఉతికి ఎండలో ఆరేసే వీలుంటే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-24 ఏళ్ల ఆడపిల్లల్లో సగం మంది గుడ్డ వాడుతున్నామనే చెప్పారు.

అసలు మాటే పైకి రాకపోతే ధర గురించి అడిగేదెవరు? 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు కుంకుమకి, బొట్టు బిళ్లలకి, గాజులకి పన్ను లేదు. ప్యాడ్స్‌కి 12 శాతం! అంతకుముందున్న పన్నులు ఇంకా ఎక్కువేనని ప్రభుత్వం వాదన. 31 మంది ఉన్న జీఎస్టీ కౌన్సిల్లో ఒక్క ఆడమనిషీ లేదేమని ఆ నవంబరులో ఢిల్లీ హైకోర్టు అడిగింది. మన భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్స్ మీటింగుకి యూజర్లనే పిలవలేదన్నమాట. గొడవ పెద్దదయ్యాక 2018 జూలైలో పన్ను ఎత్తేశారు. (అయినా రేటు సరిగ్గా 12 శాతం తగ్గిపోదు. ముడిసరుకు మీద కట్టిన పన్ను తయారీదారుకి వెనక్కి రాదు కదా.)

2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'స్వేచ్ఛ' పేరుతో ప్రభుత్వ బడుల్లో, జూనియర్ కాలేజీల్లో 7 నుంచి 12వ తరగతి దాకా అమ్మాయిలకి నెలకి 10 ప్యాడ్స్ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అక్క చదివే రోజుల్లో నెలకి మూడు రోజులు బడి మానేసేది. కడుపునొప్పి అని రాసిన లీవ్ లెటర్ నేనే పట్టుకెళ్లి ఇచ్చేవాణ్ణి. పది నెలల బడిలో ముప్పై రోజులు! లెక్కల్లో వెనకబడిందని దాన్ని వెక్కిరించినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఈమధ్య ఫోన్లో ఈ పథకం సంగతి చెప్తే అంతా విని, "నెలకి పదేనా? ఏం సరిపోతాయిరా?" అంది.