కాలువ పని ఆగిన తరువాత

ఛత్తీస్‌గఢ్‌లోని ఎర్రబోరు దాటి కుంట మీదుగా భద్రాచలం వైపు వస్తే దోర్ల, కోయ భాషల పక్కనే తెలుగు మాట్లాడే ఊళ్లు తగులుతాయి. ఈ దారిలో క్రైస్తవుల ప్రస్తావన తెస్తే తరచు వినబడే మాట ఒకటుంది: ‘ఏదో ఆశపడి కలిశారు.’ చదువుకున్నవాళ్లు రాసిన చరిత్రల్లోనూ అదే మాట కాస్త మర్యాదగా కనబడుతుంది. నూట యాభై ఏళ్లుగా నలుగుతున్న ఆ తీర్పుకు ఆధారం ఎంత ఉందో చూడాలని ఈ ప్రయత్నం.

ముందు ‘వేషధారి’ అన్న మాట సంగతి. సువార్తల్లోని గ్రీకు పదానికి రంగస్థల నటుడని అర్థం. తెలుగు బైబిలు దాన్ని వేషధారి అని చక్కగా పట్టుకుంది. యేసు ఆ మాటతో దెబ్బకొట్టింది వీధి మూలల్లో నిలబడి ప్రార్థించేవాళ్లను, దానం చేసే ముందు బూర ఊదించుకునేవాళ్లను. అంటే ఊళ్లో గౌరవం ఉన్నవాళ్లను. రొట్టెల కోసం తన వెంట వచ్చిన జనాన్ని ఆయన మందలించిన ఘట్టం యోహాను సువార్తలో ఉంది, కాదనను. కానీ వాళ్లను వేషధారులనలేదు. పైగా ముందు కడుపునిండా పెట్టాడు.

తెలుగునాట క్రైస్తవం తొలి దశలు అందరికీ తెలిసినవే. 18వ శతాబ్దపు జెస్యూట్ పాదరీల కాలంలో కలిసిన రెడ్డి, కమ్మ కుటుంబాలు కులాన్ని గుడి బయట వదల్లేదు. వాళ్ల భక్తి నిజమా కాదా అని చరిత్రకారులు పెద్దగా అడగనూ లేదు. 1840 ప్రాంతంలో నెల్లూరు, మచిలీపట్నం, గుంటూరుల్లో ప్రొటెస్టెంట్ మిషన్లు వచ్చాయి. గోదావరి పనుల మీద వచ్చిన ఇంజనీరు హేగ్ చొరవతో 1860ల నాటికి దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషన్ మొదలైంది. అక్కడ జాన్ కెయిన్ దశాబ్దాలు పనిచేసినా జనం వేలల్లో కలవలేదు. ఆశ చూపితే చాలుననే వాదానికి దుమ్ముగూడెం ఏం జవాబు చెబుతుందో ఎవరూ పట్టించుకోలేదు.

అసలు తగాదా ఒంగోలు దగ్గర. 1876–78 ధాత కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టి, కూలికీ బాప్తిస్మానికీ ముడివేసేశారు.

మధ్యలో జరిగింది వదిలేశారు. కరువు నడిచిన సుమారు పదిహేను నెలలు క్లౌ బాప్తిస్మాలే ఆపేశాడు. తిండి కోసం వస్తారన్న అనుమానం అందరికంటే ముందు ఆయనకే కలిగింది. సాయం ఇక ఉండదని చెప్పాక కూడా జనం కదల్లేదు. అప్పుడే వాళ్లను వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలోకి దింపాడు. ఆరుగురు బోధకులు వంతులవారీగా, ఒకసారికి ఇద్దరే నీళ్లలో నిలబడి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్కొక్కరినే ముంచి లేపారు. కూలి కోసమే అయితే కూలి ఆగాక రావడమెందుకు?

కృతజ్ఞత పని చేయలేదని అనను. మరో కరువొస్తే ఆదుకుంటారన్న ఆశా ఉండవచ్చు. మనకున్న కథనం ఎక్కువగా క్లౌదీ, ఆయన పోయాక దాన్ని పుస్తకంగా తెచ్చిన భార్య ఎమ్మాదీ. అది మిషన్ వైపు మాటే. అయినా కరువుకు పదేళ్ల ముందు సంగతి ఈ తీర్పును నిలవనివ్వదు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అంతకుముందే బాప్తిస్మం పొందిన మాదిగ పెద్ద యెర్రగుంట్ల పేరయ్య వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం నేర్చినవాడు. దేవుణ్ణి లోపల వెతకాలన్న బోధ మాదిగవాడల్లో పాదరీలకంటే ముందే ఉంది. ఉద్యమానికి మొదటి కారణం అదేనని నా నమ్మకం. దొరలు తెచ్చింది కొత్త పేరు. వెతుకులాట పాతదే.

పైగా కలవడం చవకబేరం కాదు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు పెత్తందార్లు గింజలు ఆపేశారు, నీళ్లకు అడ్డుపడ్డారు. లాభం కోసం వేసిన వేషమైతే ఆ పూటకే విప్పేసేవారు.

1933లో మిషనరీ పికెట్ తన సామూహిక మతమార్పిడి ఉద్యమాల పరిశీలనలో ఈ ప్రశ్నే వేశాడు. ఎందుకు కలిశారన్నదాన్ని బట్టి తర్వాతి క్రైస్తవ జీవితాన్ని ముందే చెప్పలేమని తేల్చాడు. 1942లో దర్శనం కలిగిందని చెప్పుకున్న కె. సుబ్బారావు మరో దారి పట్టాడు. క్రీస్తును గురువుగా కొలుస్తూనే బాప్తిస్మాన్ని, సంఘ పెత్తనాన్ని తోసిపుచ్చాడు. బాప్తిస్మాన్ని పూర్తిగా కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. పెత్తందార్ల ఊళ్లో అందరి ఎదుట నీళ్లలోకి దిగడం పేరయ్య మనుషులకు ఉత్త తంతు కాదు. సంఘంలో పెత్తనమని సుబ్బారావు వేలు చూపిన జబ్బు మాత్రం నిజం.

ఆ జబ్బు ముదిరింది. మాల సంఘం, మాదిగ సంఘం అన్న గీత చెరగలేదు. క్రైస్తవ పెళ్లి ప్రకటనల్లో కులం పేరు మానలేదు. స్వస్థతను సరుకులా అమ్మే వేదికలు పెరిగాయి. ‘నామకార్థ క్రైస్తవులు’ అని ముందు వరుసల్లోవాళ్లు వెనుక వరుసల్లోని పేదలను అంటారు. యేసు ఆ వేలును ఎటు తిప్పాడో మరిచారు.

రాజ్యమూ హృదయాలు తూచే పనిలో పడింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. అందుకే కాగితం మీద ఒక పేరు, ప్రార్థనలో ఇంకో పేరు పెట్టుకున్నవాళ్లున్నారు. వాళ్లను వేషధారులనడానికి నాకు నోరు రాదు. ఆ వేషం కుట్టించింది చట్టం. 1968 మధ్యప్రదేశ్ చట్టం ఛత్తీస్‌గఢ్‌కు వారసత్వంగా వచ్చింది. అది ప్రలోభంతో జరిగే మతమార్పిడిని నేరం చేసింది.

అదే ఛత్తీస్‌గఢ్‌లో, 2025 జనవరిలో బస్తర్ జిల్లా ఛింద్‌వాడలో ఒక పాస్టరు చనిపోయాడు. సొంత ఊళ్లో పూడ్చనివ్వలేదు. శవం ఇరవై రోజులు జగదల్‌పూర్ మార్చురీలో ఉంది. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల అభిప్రాయాలు వేరయ్యాయి. చివరికి వేరే ఊళ్లోని క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. ఆ కుటుంబం మూడో తరం క్రైస్తవులది. ఏ ఆశకు కలిశారని ఇప్పుడు ఎవరిని అడుగుతాం?