ఖులాకు భర్త ఒప్పుకోకపోతే? మన హైకోర్టు చెప్పింది ఇదీ

నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా ఖులా మాట ఎత్తగానే పెద్దలు అడిగేది ఒకటే: "అల్లుడు ఒప్పుకున్నాడా?" ఒప్పుకోకపోతే అమ్మాయి పుట్టింట్లోనే ఏళ్లు గడుపుతుంది. నికాహ్ తెగదు, ఇంకో సంబంధం చూడలేరు. అతను గల్ఫ్‌లో ఉండి ఫోన్ ఎత్తకపోతే ఇక అంతే.

ఈ ప్రశ్నే తెలంగాణ హైకోర్టు ముందుకు వచ్చింది. 2012లో నికాహ్ అయిన ఒక జంట కేసు అది. భార్య ఖులా కోరింది, భర్త కాదన్నాడు. ఆమె ఒక షరయీ కౌన్సిల్‌కు వెళ్లింది, 2020లో ఖులానామా ఇచ్చారు. అది చెల్లదని భర్త ఫ్యామిలీ కోర్టుకెక్కాడు, ఓడిపోయాడు, హైకోర్టుకు అప్పీలు చేశాడు. 2025 జూన్ 24న జస్టిస్ మౌసమీ భట్టాచార్య, జస్టిస్ బి.ఆర్. మధుసూదన్ రావు ఆ అప్పీలును కొట్టేశారు.

ఖులా కోరడం భార్యకున్న పూర్తి హక్కు అని, కారణం చూపాలని గానీ భర్త ఒప్పుకోవాలని గానీ లేదని వాళ్లు తేల్చారు. మెహర్ మొత్తమో కొంతో తిరిగి ఇవ్వమని భర్త మాట్లాడుకోవచ్చు. కానీ కాపురంలో ఉండి తీరాలని బలవంతపెట్టలేడు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. ముఫ్తీ సాబ్ గానీ దారుల్ ఖజా గానీ ఇచ్చే కాగితం సలహా మాత్రమే, కోర్టు ఉత్తర్వు కాదు. భర్త ఒప్పుకోక గొడవ పడితే ఇద్దరినీ కట్టిపడేసేది కోర్టు ముద్రే. అందుకని ఖులానామాను బీరువాలో పెట్టి ఊరుకోవద్దు, ఫ్యామిలీ కోర్టులో డిక్లరేషన్ అడగాలి. అక్కడ జడ్జి చూడాల్సింది కూడా కొంచెమే: రాజీకి గట్టి ప్రయత్నం జరిగిందా, మెహర్ వాపసు ఇస్తానని ఆమె అన్నదా. ఏళ్ల తరబడి సాక్ష్యాలు, వాదనలు అక్కర్లేదని తీర్పులోనే ఉంది. రాజీ కోసం పంపిన నోటీసులు, పోస్టు రసీదులు దాచిపెట్టుకోవాలి, రేపు పనికొచ్చేవి అవే.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. భర్త అంగీకారం లేకుండా ఖులా కాదనే హనఫీ ఉలమా మన దగ్గర చాలామంది ఉన్నారు. సాబిత్ బిన్ ఖైస్ (ర) భార్య తోట తిరిగిచ్చి విడిపోయిన హదీసును రెండు వైపుల వాళ్లూ చూపిస్తారు. మనసులో ఆ సందేహం ఉన్నవాళ్లకు 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ఉంది. భర్త నాలుగేళ్లుగా ఎక్కడున్నాడో తెలియకపోయినా, రెండేళ్లు ఖర్చులివ్వకపోయినా కోర్టే నికాహ్ రద్దు చేస్తుంది. గల్ఫ్ కేసుల్లో నాకైతే ఇదే సూటి దారి అనిపిస్తుంది.

సుప్రీంకోర్టు వేరేగా చెప్పేదాకా మన రాష్ట్రంలోని ఫ్యామిలీ కోర్టులు హైకోర్టు తీర్పునే పాటించాలి. ఫ్యామిలీ కోర్టు తీర్పు నచ్చకపోతే 30 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవాలి, ఇద్దరు జడ్జీలు వింటారు. లాయర్ ఫీజు గురించి భయపడొద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, 15100కు ఫోన్ చేసి అడగొచ్చు.

ఖులా కోసం మెహర్ వదులుకున్నా పిల్లల ఖర్చు వదులుకున్నట్టు కాదు. అది పిల్లల హక్కు, తండ్రి ఇవ్వాల్సిందే. రాజీ కాగితంలో "ఇక ఏమీ అడగను" అని రాయించుకుంటుంటే, సంతకం పెట్టకముందే ఆ లైను లాయర్‌కు చూపించండి.