అచ్చులో పడని పేర్లు

తాడేపల్లిగూడెంలో మా అమ్మమ్మ పెట్టెలో ఒక బందరు దుప్పటి ఉండేది. దాన్ని అద్దిందెవరని మేమెవరమూ అడగలేదు. నా సిద్ధాంత గ్రంథంలో కలంకారీ మీద ఒక అధ్యాయమే ఉంది. అందులో ఆద్యంతం ‘కళాకారుడు’ అనే రాశాను. ఆ మాట దగ్గర నన్ను ఆపింది ఒక జపాను బొమ్మ.

ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, 1765 నుంచి రంగుకో చెర్రీచెక్క అచ్చు చొప్పున వాడి బహువర్ణ చిత్రాలు ముద్రించారు. గీసేవాడు, చెక్కేవాడు, అద్దేవాడు, పెట్టుబడి పెట్టే ప్రచురణకర్త వేర్వేరు. బొమ్మల్లో మాత్రం చాలావాటిలో స్త్రీలే: టీ దుకాణాల్లో పనిచేసే అమ్మాయిలు, యోషివారా వేశ్యావాడలో అప్పుకు కట్టుబడి బతికినవాళ్ళు. చిత్రాల్లో వాళ్ళ పట్టుబట్టల మడతలు కనిపిస్తాయి, అప్పు కనిపించదు. 1793లో ప్రభుత్వం వేశ్యల పేర్లు తప్ప మరే స్త్రీ పేరూ బొమ్మమీద వెయ్యకూడదంది. ఉతమారో ఆ పేర్లను బొమ్మల పొడుపుకథలుగా వేశాడు. 1796లో దాన్నీ నిషేధించారు. అమ్మకానికి పెట్టిన స్త్రీకే బహిరంగంగా పేరుండవచ్చునన్నమాట!

1803 ప్రాంతంలో ఉతమారో ఈ అచ్చుల తయారీనే మూడు ఫలకాల చిత్రంగా వేశాడు. అందులో ఉలి పట్టినవాళ్ళూ, కాగితం సిద్ధం చేసేవాళ్ళూ అందరూ అందగత్తెలే. నిజానికి ఆ పని చేసింది ఎక్కువగా మగవాళ్ళు. లేని చోట స్త్రీలను కూర్చోబెట్టిన ఈ బొమ్మ చూశాక, ఉన్నచోట వాళ్ళను చెరిపేసిన నా అధ్యాయం గుర్తొచ్చింది.

ఈ రెండు అచ్చుల లోకాలకూ పాత చుట్టరికముంది. మచిలీపట్నంలో స్థావరం పెట్టిన డచ్చి వర్తకులు 1641 నుంచి నాగసాకి దగ్గరి దెజిమా దీవిలోనూ వ్యాపారం చేశారు. కోరమండల్ తీరపు అద్దకం బట్టలు వాళ్ళ ఓడల్లో జపాను చేరాయి. అక్కడ వాటిని ‘సరాసా’ అన్నారు. 1778లో ఆ నమూనాలతో పుస్తకం కూడా వేశారు. నమూనాలు భద్రమయ్యాయి, అద్దిన చేతుల ఊసు లేదు.

కిందటి శీతాకాలం ఏలూరు నుంచి కొల్లేరు దాటి, కైకలూరు మీదుగా పెడన వెళ్ళాను. నేను చూసిన షెడ్డులో గుడ్డకు కరక్కాయ పట్టించేదీ, రంగు కాగులో ఉడకబెట్టేదీ, తడిగుడ్డను ఎండలో పరిచేదీ ఆడవాళ్ళే. అద్దకం బల్లల దగ్గరా ఇద్దరున్నారు. టేకు అచ్చును గుడ్డమీద పెట్టి పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తారు. రోజంతా అదే దెబ్బ.

“మీ పేరు రాసుకోనా అక్కా?” అన్నాను.

“వద్దమ్మా. పేరు రాస్తే రేపు పనిలోకి రావద్దంటారేమో. పని రాసుకో,” అందామె.

పేరు పెట్టడమే న్యాయం చెయ్యడమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పేరు బయటపడితే ఎవరికి నష్టమో ఆలోచించలేదు. ఇప్పుడు ఆ అధ్యాయం తిరగరాస్తున్నాను. ‘కళాకారుడు’ ఉన్న ప్రతిచోటా ఆగి, ఆ పని ఎవరు చేశారో, ఎంతసేపు చేశారో, కూలెంతో రాస్తున్నాను. ఆమె పేరు మాత్రం రాయడం లేదు.